పిన్‌కోడ్ లేని ఉత్తరాలు

గురువారం ఏడున్నరకి
పెరియమేట్ తోలు గోదాముల వెనక
మేడ మీది ప్రార్థన గదిలో
మా జక్కరయ్య సారు పటం విప్పుతాడు.
ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసు సార్టింగ్‌లో నిలబడ్డ మనిషి.
పటం మీద చెయ్యి పెడితే ఇప్పటికీ
వేళ్లు వాటంతటవే గూళ్లు వెతుక్కుంటాయి.

"ఎర్రగీత మొదటి ప్రయాణం, పచ్చది రెండోది,
నీలం మూడోది.
నల్లచుక్కలు సంకెళ్లతో పోయిన దారి."
ఆ పటం మడతల్లో చిరిగిపోయింది,
సరిగ్గా సముద్రం దగ్గర.
సారు వెనకవైపు స్టాంపుల అంచుకాగితం అంటించాడు.
అందుకే మా పౌలు ఓడ
ప్రతిసారీ బంక మీదుగా పోతుంది.

మేము తొమ్మిదిమందిమి.
కార్పొరేషన్ వీధులూడ్చే మరియకుమారి.
సెంట్రల్లో పార్సిళ్లు మోసే ఇస్సాకు,
అతనొచ్చేసరికి సగం అధ్యాయం అయిపోతుంది.
నేను చెప్పుల పైతోళ్లు కోస్తాను,
పది జతలకి ఇంతని.

సారు అర్థం అడగడు.
"ఇది ఎక్కడ పోస్టయింది? ఎన్నాళ్లకి చేరింది?
ఎవరు మోశారు?" అంటాడు.
రాసినవాడి పేరు లోకానికంతా తెలుసు.
మోసిందంటున్న ఆవిడ పేరు
చివర్లో ఒక్కసారే వస్తుంది.
అక్కడికొచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.
"పిన్‌కోడ్ లేదు, రిజిస్ట్రీ లేదు.
ఒక ఆడమనిషి మూటలో పెట్టుకుని
రోము దాకా పోయిందమ్మా.
దారిలో వాన పడుంటే?"
మేం మాట్లాడం.
కింద వీధిలో ఆటో ఒకటి హారన్ ఆపదు.

మొన్నటి గురువారం,
గుడారాలు కుట్టి బతికాడన్న చోట
సారు మామూలుగానే అన్నాడు:
"గుడారమంటే మేకవెంట్రుకల గుడ్డ అనొచ్చు.
తోలుపని అనే పండితులూ ఉన్నారు."
పేజీ తిప్పాడు.

నేను తిప్పలేదు.

మా తాత కంభం నుంచి నడిచొచ్చి
ఇక్కడ తంగేడుచెక్క నానిన తొట్లలో
మోకాళ్లదాకా నిలబడ్డాడు.
ట్రాములో ఆయన పక్క సీటు
ఎంత రద్దీలోనూ ఖాళీగా ఉండేదట.
నేను బడిలో, నాన్న పనేమిటని అడిగితే
బిజినెస్ అని రాశాను.

చెయ్యెత్తాను. మూడేళ్లలో మొదటిసారి.
"సారూ, తోలుపనైతే
ఆయన ఉత్తరాలకి ఆ వాసన ఉండేది కదా?"
మరియకుమారి నవ్వింది. ఇస్సాకు నవ్వలేదు.
సారు పటం వైపు చాలాసేపు చూశాడు.
"సంచి ముడి విప్పగానే తెలిసేది మాకు,
ఏది ఎండుచేపల రేవు నుంచో
ఏది సాంబ్రాణి కొట్టు నుంచో.
ఉండే ఉంటుంది."

నాకు ధైర్యమొచ్చింది.
తోలుకి సూది నేరుగా దిగదని చెప్పాను.
ముందు ఆరెతో పొడవాలి.
ఆ తర్వాతే రెండు వైపుల్నించీ
ఒకే రంధ్రంలోకి రెండు దారాలు,
ఊపిరి బిగబట్టి లాగాలి.
ఆయన వాక్యాలు అంతే కదా సారూ,
ముందు గుచ్చుతాడు,
ఇక దగ్గరికి లాగుతూనే ఉంటాడు, ఎక్కడా ఆగడు.
చివర్లో కలం తనే అందుకుని
ఇంత పెద్ద అక్షరాలు రాశానంటాడు.
కత్తి పట్టి కాయలు కాసిన వేళ్లకి
సన్న అక్షరం ఒదుగుతుందా?

సారు తన పుస్తకం అంచున
పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.
అది నా పేరా, ఆరె అన్న మాటా,
వంగి చూశాను గాని కనపడలేదు.

శనివారం పాప స్కూలు ఫారం వచ్చింది.
తల్లి వృత్తి అన్న గడి
అగ్గిపెట్టెలో సగం ఉంది.
తోలుపని అని రాస్తే
కొమ్ములు పై గడిలోకి పోయాయి,
'ని' పక్కింట్లో పడింది.
గుమాస్తా ఏమంటాడో తెలీదు.

వచ్చే గురువారం ఓడ బద్దలవుతుంది.
అంచుకాగితం మళ్లీ ఊడిందట,
బంక తెమ్మన్నాడు సారు.
నా దగ్గర చెప్పులంటించే సొల్యూషన్ ఉంది,
ఘాటుగా ఉంటుంది,
పట్టిందంటే వదలదు.